గనిలోని రాయి వేరు, గంటెలోని బంగారం వేరు

జహీరాబాద్: ఫలానా చోట బంగారు నిక్షేపాలు బయటపడ్డాయన్న వదంతి పుట్టగానే చేతిలోని సరుకు అమ్మాలా, ఆగాలా అన్న తర్జనభర్జన బులియన్ వర్తకులకు కొత్త కాదు. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో 3,000 టన్నులకు పైగా బంగారం వున్నదన్న వార్త దేశమంతటా పాకింది. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దానిని ఖండించింది. అక్కడ అంచనా వేసినది 52,806 టన్నుల ముడిరాయి. అందులో బంగారం టన్నుకు 3.03 గ్రాములు. లెక్క కడితే మొత్తం 160 కిలోలు. ఇంత రాయిలో ఇంత కొద్ది బంగారం ఎందుకు వుంటుందో తెలియాలంటే అది అక్కడికి చేరిన తీరు తెలియాలి.

నీరు మోసిన సరుకు

కిలోమీటర్ల లోతున రాళ్లు వేడికీ ఒత్తిడికీ మార్పు చెందేటప్పుడు వాటి ఖనిజాలలో ఇమిడిన నీరు విడివడుతుంది. వేడి మూడు, నాలుగు వందల సెంటీగ్రేడు డిగ్రీలున్నా, పై రాళ్ల బరువు వల్ల అది మామూలు ఆవిరిలా చెదిరిపోదు. అందులో బొగ్గుపులుసు వాయువు, గంధకం కలిసి వుంటాయి. రాళ్లలో చెల్లాచెదరుగా వున్న బంగారాన్ని కరిగించి పట్టుకునేది ఆ గంధకమే.

ఈ నీరు పగుళ్ల వెంట పైకి వస్తుంది. దారిలో ఇనుము హెచ్చుగా వున్న రాయి తగిలితే గంధకం ఇనుముతో కలిసి పైరైటు అనే ఇత్తడి రంగు ఖనిజమవుతుంది. పట్టు తప్పిన బంగారం అక్కడే దిగిపోతుంది. పగులు హఠాత్తుగా విచ్చుకుని ఒత్తిడి పడిపోయినా అంతే. పలుగురాయి కూడా ఆ పగుళ్లలోనే చారలుగా పేరుకుంటుంది.

హట్టి, కోలారు

ఇటువంటి చారలకు మనకు దగ్గరి ఉదాహరణ రాయచూరు జిల్లాలోని హట్టి. 1956 వరకు జహీరాబాద్, హట్టి రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. అక్కడి గనుల కంపెనీ 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతోనే ఏర్పడింది. హట్టి రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. జహీరాబాద్ ప్రాంతపు నల్లరాయి అగ్నిపర్వతపు లావా; దాని వయస్సు ఆరున్నర కోట్ల సంవత్సరాలే.

మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన కోలారు గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. బంగారం బొత్తిగా లేకపోవడం వల్ల కాదు. టన్ను రాయిలో గ్రాములు తగ్గి, తవ్వకం ఖర్చు గిట్టకపోవడం వల్ల.

వర్తకులు గమనించవలసినది

కాబట్టి నిక్షేపం వార్త వచ్చినప్పుడు మూడు సంగతులు విచారించాలి. చెప్పిన టన్నులు రాయివా, బంగారానివా? టన్నుకు ఎన్ని గ్రాములు? ఎంత లోతున వున్నది? మూడింటికీ మంచి జవాబే వచ్చినా గని తెరవడానికి ఏళ్లు పడుతుంది. మన గనుల దిగుబడి ఏడాదికి కొద్ది టన్నులు. దిగుమతి వందల టన్నులు. ధారణలు విదేశీ మార్కెట్లను, డాలరు మారకపు రేటును, దిగుమతి సుంకాన్ని అనుసరించి నడుస్తాయి. వదంతిని నమ్మి నష్టానికి సరుకు వదులుకోనవసరం లేదు.