పరీక్ష ల్యాబ్‌లో కంప్యూటర్‌కు ‘హాల్‌టికెట్’ ఎవరు చూస్తారు? నెట్‌వర్క్ బూట్‌లో అసలు, నకిలీ తేల్చేదిలా..

ఇంద్రేశంలో ఉండే మీ అమ్మాయికి ఆన్‌లైన్ ఎంట్రన్స్ ఉందనుకోండి. పొద్దున్నే బండి మీద తీసుకెళ్లి పటాన్‌చెరు చుట్టుపక్కల ఏదో ఒక కాలేజీ ల్యాబ్ దగ్గర దింపుతారు. గేటు దగ్గర హాల్‌టికెట్ చూస్తారు, ఐడీ కార్డు చూస్తారు. మరి లోపల ఆమె కూర్చునే కంప్యూటర్‌ను ఎవరు తనిఖీ చేస్తారు?

తెలంగాణలో ఎంసెట్, అంటే ఇప్పటి ఎప్‌సెట్, 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. జేఈఈ మెయిన్ 2021లో అక్రమాలపై సీబీఐ కేసు నమోదు చేసింది. హరియాణాలోని సోనీపత్ కేంద్రంలో అభ్యర్థుల కంప్యూటర్లను బయటి నుంచి రిమోట్‌గా నడిపి జవాబులు పెట్టించారన్నది అందులోని ఆరోపణ. అభ్యర్థి అసలైనవారే అయినా, కంప్యూటర్ దగ్గర మోసం జరగొచ్చన్నమాట.

నెట్‌వర్క్ బూట్ అంటే ఏమిటి?

వంద కంప్యూటర్లలో ఒక్కోదానికి విడిగా సాఫ్ట్‌వేర్ ఎక్కించే బదులు, అన్నీ ఒకే సర్వర్ నుంచి తెచ్చుకుని మొదలయ్యే పద్ధతి ఇది. ప్రతి పరీక్షా కేంద్రంలో ఇదే ఉంటుందని కాదు. కానీ ల్యాబ్‌లు, ఆఫీసుల్లో దీన్ని ఏళ్లుగా వాడుతున్నారు. పీఎక్స్ఈ అనే ఈ పద్ధతికి ఇంటెల్ 1999లో 2.1 ప్రమాణాన్ని విడుదల చేసింది.

స్విచ్ వేయగానే కంప్యూటర్ ‘నాకు అడ్రస్ ఎవరిస్తారు? ఏ ఫైల్ తెచ్చుకోవాలి?’ అని నెట్‌వర్క్ మొత్తానికి వినిపించేలా అడుగుతుంది. జవాబిచ్చింది ఎవరో సరిచూడకుండానే నమ్మేస్తుంది. ఫైల్ తెచ్చే టీఎఫ్‌టీపీ పద్ధతిలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అనేవే ఉండవు.

సమస్య ఎక్కడ?

రెండు వైపులా ఉంది. అదే కేబుల్‌కు ఎవరైనా తమ ల్యాప్‌టాప్ తగిలించి ‘నేనే సర్వర్‌ని’ అనొచ్చు. లేదా ‘నేను 42వ నంబర్ కంప్యూటర్‌ని’ అంటూ సర్వర్‌నే మోసం చేయొచ్చు.

చాలాచోట్ల కంప్యూటర్‌ను మ్యాక్ అడ్రస్‌తో గుర్తిస్తారు. అది 12 అంకెలు, అక్షరాల నంబర్. సాఫ్ట్‌వేర్‌తో నిమిషంలో మార్చేయొచ్చు. పాశమైలారంలో కంపెనీ గేటు దగ్గర పేరు చెప్పినంత మాత్రాన లోపలికి వదలరు కదా! మ్యాక్ అడ్రస్ చూసి వదలడం అలాంటిదే.

పోనీ, బూట్ ఫైల్‌లోనే రహస్య పాస్‌వర్డ్ పెడితే? అడిగిన ప్రతి కంప్యూటర్‌కూ ఆ ఫైల్ వెళ్తుంది. మోసగాడి చేతికీ వెళ్తుంది. కాబట్టి రుజువు ఆ ఫైల్‌లో కాకుండా వేరేచోట ఉండాలి.

కంప్యూటర్లు విప్పకుండా ఏం చేయొచ్చు?

ల్యాబ్ కాలేజీది. కంప్యూటర్లు రకరకాల కంపెనీలవి, కొన్ని వారంటీలో ఉంటాయి. వాటిలో కొత్త చిప్ పెట్టడం, ఫర్మ్‌వేర్ మార్చడం కుదరదు. ఉన్నవాటితోనే నాలుగు పనులు చేయొచ్చు.

ఒకటి, సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి చాలా కంప్యూటర్లలో ఇది ఉంది. డిజిటల్ సంతకం సరిపోని బూట్ ప్రోగ్రామ్‌ను నడవనివ్వదు. అయితే సంతకం ఉన్న వేరే సాఫ్ట్‌వేర్‌ను ఆపదు. ఇదొక్కటే చాలదు.

రెండు, టీపీఎం చిప్. విండోస్ 11కు ఇది తప్పనిసరి కావడంతో కొత్త కంప్యూటర్లలో దాదాపు ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే ఒక్కో ప్రోగ్రామ్ ‘వేలిముద్ర’ ఇందులో నమోదవుతుంది. సర్వర్ ప్రతిసారీ ఒక కొత్త నంబర్ పంపుతుంది. చిప్ ఆ నంబర్‌ను, వేలిముద్రలను కలిపి తన తాళంతో సంతకం చేసి పంపుతుంది. ఆ తాళం చిప్ దాటి బయటకు రాదు. ముందే నమోదు చేసిన చిప్, ముందే తెలిసిన వేలిముద్రలు.. రెండూ సరిపోతేనే సర్వర్ ప్రశ్నపత్రం ఇస్తుంది. పాత జవాబును మళ్లీ పంపినా, నంబర్ మారిపోతుంది కాబట్టి పనికిరాదు.

మూడు, నెట్‌వర్క్ స్విచ్‌లో కట్టడి. అసలు సర్వర్ ఉన్న పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి అడ్రస్ జవాబులు వచ్చినా స్విచ్ అడ్డుకుంటుంది. దీనికి కంప్యూటర్లను ముట్టుకోవాల్సిన పనే లేదు.

నాలుగు, టీపీఎం లేని పాత కంప్యూటర్లకు మనిషి సాయం. ఇన్విజిలేటర్ తన స్మార్ట్ కార్డు గానీ, ఒక్కసారికే పనిచేసే కోడ్ గానీ వాడి ఒక్కోదాన్ని మొదలుపెట్టాలి. ఇది ఇన్విజిలేటర్ అక్కడున్నారని చెబుతుంది తప్ప, కంప్యూటర్ లోపల ఏం నడుస్తోందో చెప్పదు. అందుకే వీలైనచోట టీపీఎం, స్విచ్ కట్టడి రెండూ కలిపి వాడటం మేలు.

మీరేం చేయాలి?

పరీక్ష రాసేవారైతే, కంప్యూటర్ మధ్యలో రీస్టార్ట్ అయినా, మౌస్ దానంతటదే కదిలినా వెంటనే చేయెత్తి ఇన్విజిలేటర్‌కు చెప్పండి. సీటు నంబర్, సమయంతో సహా రికార్డులో రాయించండి. ఎవరైనా పెన్‌డ్రైవ్ పెట్టబోతే ఎందుకో అడగండి.

ల్యాబ్ నడిపేవారైతే, ఏజెన్సీని మూడు ప్రశ్నలు అడగండి. మా కంప్యూటర్లను మ్యాక్ అడ్రస్‌తోనే గుర్తిస్తున్నారా? నకిలీ సర్వర్ జవాబిస్తే స్విచ్ ఆపుతుందా? బూట్ తేడాగా జరిగిన కంప్యూటర్‌కు ప్రశ్నపత్రం వెళ్లకుండా ఎవరు, ఎలా ఆపుతారు? పరీక్షకు ముందురోజు జరిపే ట్రయల్‌లో బయటి ల్యాప్‌టాప్ ఒకటి తగిలించి చూపించమనండి. దానికీ ప్రశ్నపత్రం వస్తే, ఆ ల్యాబ్ పరీక్షకు ఇంకా సిద్ధం కానట్టే.