సాంచల చప్పుట్ల మాట ఎట్ల వినబడుతది?

పెద్దోళ్ళు ఊకె అరుస్తరని పోరగాళ్ళ ఫిర్యాదు. ఎంత చెప్పినా వినరని పెద్దోళ్ళ ఫిర్యాదు. సోలాపూరు మన పద్మశాలి వాడల్లో ఏ ఇంటికి పోయినా ఈ రెండు మాటలూ ఉంటాయి. తండ్రీకొడుకులు ఒకే షెడ్డులో పనిచేస్తే ఇంక చెప్పక్కరలేదు.

అరుపు సంగతి ముందు చెప్తాను. అది కోపం కాదు, చాలామందికి చెవుడు. మర మగ్గాల షెడ్డులో చప్పుడు 100 డెసిబెల్స్ దగ్గరికి పోతుంది. 8 గంటల పనికి 90 దాటరాదని ఫ్యాక్టరీ రూలు. మన షెడ్లల్ల 12 గంటల పాళీలు! 30 ఏండ్లు అట్ల నిలబడ్డ మనిషికి మొదలు సన్నని శబ్దాలు పోతాయి. స, శ లాంటి అక్షరాలు, ఆడపిల్లల గొంతు సరిగ్గ అందవు. ఎవరో మాట్లాడుతున్నరని తెలుస్తది గాని ఏమన్నరో తెల్వదు. తన గొంతు తనకే వినబడక గట్టిగ మాట్లాడుతడు. ఇంట్ల టీవీ పెద్దగ పెట్టేది కూడా అందుకే, కోడండ్లు కోపగించుకోవద్దు. ఇట్ల పోయిన వినికిడి మందులతో తిరిగిరాదు. ఈ చెవుడును పనివల్ల వచ్చే రోగాల పట్టీలో ఫ్యాక్టరీ చట్టమే చేర్చింది. ఈఎస్ఐ కార్డు ఉన్నోళ్ళు చెవులు చూపించుకోవాలె.

కాబట్టి తమ్మీ, కాకాను వెనుకనుంచి పిలువకు. ముందుకొచ్చి, ముఖం చూపి, నిదానంగ చెప్పు. పెదవులు చూసి అర్థం చేసుకునుడు మావాళ్ళకు అలవాటే. చేతి సైగలు కూడా ఉన్నయి. రెండు వేళ్ళు కత్తెరలాగ ఆడిస్తే పోగు తెగిందని, అరచేయి కిందికి అంటే సాంచ బంద్ చేయమని మేము వాడినం. కొత్తగా వచ్చినోనికి మొదటి రోజే ఇవి చూపియ్యాలె.

ఇంక భాష. పెద్దోళ్ళు తెలుగు బడిలో నాలుగు తరగతులు చదివినోళ్ళు. పిల్లలది మరాఠీ మీడియం. వీళ్ళు నాడె అంటే వాళ్ళు ధోటా అంటరు. పడుగు, పేక అంటే తానా, బానా. పాళీ మారేటప్పుడు సాంచ మీద సుద్దముక్కతో తెలుగులో రాసిపోతే పొద్దటి పిల్లగాడు ఏం చదువుతడు? ఈ పత్రిక కూడా మా ఇంట్ల నేను చదివితేనే మనుమలు వింటరు. రాసే బదులు పోగు తెగుతున్న చోట ఒక గీత, అచ్చు పాడైన చోట ఒక గుండ్రం గీస్తే ఎవరికైనా తెలుస్తది.

పెద్దోళ్ళకూ ఒక మాట. రేపియర్ మగ్గం మీద ఏ లైటు వెలిగితే పడుగు తెగినట్టో, ఏది వెలిగితే పేకనో పిల్లలకే బాగ తెలుసు. వాళ్ళను బటన్లు నొక్కేటోళ్ళని ఎగతాళి చేస్తే రేపు మనం అడగబోయినప్పుడు చెప్తరా?

ఇయర్‌ఫోన్ల విషయంలో మాత్రం నేను పిల్లల పక్కన ఉండను. చప్పుడు తగ్గించే రబ్బరు బిరడాలు వేరు, పాటలు వేరు. పాత సాంచలో నాడె ఎగిరి బయటికొస్తే తలకు తగులుతది. ఎవరైనా ఆగుమంటే పాటల్ల వినబడదు. చప్పుట్ల పాట వినాలంటే చప్పుడు కంటే గట్టిగ పెట్టాలె, అది చెవికి ఇంకో దెబ్బ.

అసలు చిక్కు కూలి దగ్గర ఉంది, దాన్ని ఎవరూ మాట్లాడరు. మనది నేసిన సరుకు లెక్క. అరగంట నిలబడి పిల్లగానికి పోగు ముడి నేర్పితే ఆ అరగంట నాలుగు సాంచలను ఎవరు చూస్తరు? పోయిన కూలి ఎవరు ఇస్తరు? అందుకే చాలామంది మొకం తిప్పుకుంటరు. దాన్ని జనం పెద్దోళ్ళ పొగరంటరు. నేర్పినన్ని రోజులు కొంత రోజుకూలి కలిపి ఇయ్యమని షేట్లను అడగాలె, అందరం కలిసి అడగాలె. కాకా నేర్పకుంటే చాదర్ల మీద మచ్చలు పడి నష్టపోయేది వాళ్ళే గద.

పాళీ మారేటప్పుడు పది నిమిషాలు ముందు వచ్చి, షెడ్డు బయట చాయ్ బండి కాడ మాట్లాడుకోండి. అక్కడ చప్పుడు తక్కువ. రాత్రి ఏ సాంచ సతాయించిందో, ఏ బీము అయిపోతుందో అక్కడే చెప్పుకోవచ్చు. చాయ్ పైసలు పోరగాళ్ళతోని ఇప్పియ్యకండి, వాళ్ళకింకా సగం కూలే.