ప్లేగులో ఊరేగిన సిలువ, కరోనాలో వానకు తడిసిన సిలువ

2020 మార్చి 27. లాక్‌డౌన్ మొదలై మూడో రోజు. రాత్రి పదిన్నరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో అలికిడి లేదు. అదే సమయానికి రోమాపురిలో సాయంత్రం ఆరు గంటలు. అక్కడ వాన పడుతోంది. పునీత పేతురు గారి దేవాలయం ముందున్న విశాలమైన ఆవరణ ఖాళీగా ఉంది. పోపు ఫ్రాన్సిస్ గారు ఒక పాత చెక్క సిలువ స్వరూపం ముందు నిలిచి ప్రార్థించి, దాని పాదాలను ముద్దుపెట్టుకున్నారు. టీవీల్లో, ఫోన్లలో ఆ దృశ్యాన్ని చూసినవారు మన మధ్య చాలామంది ఉన్నారు. ఆ సిలువ ఎక్కడిది, ఆ రోజు దాన్నే ఎందుకు తెచ్చారు అన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆస్పత్రిలో పనిచేసే మాకు ఆ కథ ప్రత్యేకంగా ఆసక్తి కలిగించింది. ఎందుకంటే అది మొదటినుంచీ ఒక అంటురోగం కథ.

ఆ స్వరూపం రోమాలో వియా దెల్ కోర్సో అనే ప్రధాన వీధిలోని శాన్ మార్చెల్లో దేవాలయంలో ఉంటుంది. మరియమాత సేవకుల సభ గురువులు ఆ దేవాలయాన్ని చూసుకుంటారు. అది మధ్యయుగాల చివరినాటి చెక్కడం అంటారు. 1519 మే నెలలో ఒక రాత్రి నిప్పంటుకుని ఆ దేవాలయం కూలిపోయింది. తెల్లవారి జనం వచ్చి చూస్తే చెక్క స్వరూపం మాత్రం కాలకుండా నిలిచి ఉందట, దాని పాదాల దగ్గర చిన్న దీపం ఇంకా వెలుగుతూనే ఉందట. ఆనాటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం కొందరు అక్కడ చేరి దీపాలు పెట్టి ప్రార్థించేవారు. ఆ గుంపే తరువాత ఒక భక్త సంఘమైంది.

మూడేళ్లకు, 1522లో రోమాలో ప్లేగు చెలరేగింది. కొత్తగా ఎన్నికైన పోపు ఆరవ ఏడ్రియన్ గారు ఇంకా నగరానికి చేరనే లేదు. ఆగస్టు 4న భక్తులు సిలువను ఎత్తుకుని వీధుల్లోకి వచ్చారు. రోగం మరింత పాకుతుందన్న భయంతో అధికారులు ఆపబోయారు, కానీ జనం వినలేదు. ఒక్కో పేటవారు సిలువను తమ దగ్గరే ఇంకాసేపు ఉంచుకోవాలని పట్టుబట్టడంతో ఊరేగింపు 16 రోజులు సాగి ఆగస్టు 20న ముగిసింది. సిలువ తిరిగి గుడికి చేరేసరికి రోగం తగ్గుముఖం పట్టిందని రోమా ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటారు.

ఇక్కడ వైద్యులను అడిగితే ఏమంటారు? ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ గుర్తించారు. అది ఎలుకల మీది గోమార్ల ద్వారా మనుషులకు చేరుతుందని 1898లో, అప్పటి మన దేశంలోనే ఉన్న కరాచీలో, సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపించారు. ఊపిరితిత్తులకు సోకిన ప్లేగు అయితే దగ్గు ద్వారా మనిషినుంచి మనిషికే పోతుంది. అంటే 1522 నాటి అధికారుల భయం అర్థం లేనిది కాదు. ప్లేగు ఒక ఊరిని కొన్ని నెలలు పీడించి తనంతట తగ్గిపోవడమూ చరిత్రలో చాలాచోట్ల జరిగింది. తగ్గడానికి కారణం ఇదీ అని ఈనాడు ఏ రిపోర్టులోనూ రాయలేం. అయితే ఎవరి ఇంటి తలుపులు వారు వేసుకున్న నగరంలో, చావును చూసి దడుసుకున్న మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోగలిగారు. దానికీ విలువ ఉందని రోగుల పక్కన కూర్చునేవారు ఒప్పుకుంటారు.

ఆ తరువాత ఈ సిలువను జూబిలీ సంవత్సరాల్లో పునీత పేతురు గారి దేవాలయానికి తీసుకువెళ్లే ఆచారం ఏర్పడింది. ఆ సంవత్సరాలనూ అప్పటి పోపుల పేర్లనూ దాని వెనక చెక్కారు. 2000 మార్చిలో, క్షమాపణ దినాన, రెండవ జాన్ పాల్ గారు దాన్ని కౌగిలించుకున్నారు. 2020 మార్చి 15న ఫ్రాన్సిస్ గారు దాదాపు ఖాళీగా ఉన్న ఆ వీధిలో కొంత దూరం నడిచి వెళ్లి దాని ముందు ప్రార్థించారు. పన్నెండు రోజుల తరువాత దాన్నే ఆ వాన సాయంత్రం బయటికి తెచ్చారు. పక్కన రోమా ప్రజల ఆరోగ్యమాత పటమూ ఉంది. లాటిన్‌లో ఆ పటం పేరులోని సలూస్ అన్న మాటకు ఆరోగ్యమనీ రక్షణ అనీ రెండర్థాలు. మా వంటివారికి ఆ మాట చాలా నచ్చుతుంది.

కాబట్టి అదే సిలువ, అదే ప్రార్థన. 1522లో దాని చుట్టూ జనసముద్రం, 2020లో ఎవరి ఇంట్లో వారు. గుడ్ ఫ్రైడే నాడు సిలువను ముద్దుపెట్టుకోవడం పూజ జరిపే గురువు ఒక్కరికే పరిమితం చేస్తూ మార్చి 25నే వాటికన్ ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ 10న మన ఊళ్లలోనూ వరుసలు కట్టలేదు. అందువల్ల భక్తి తగ్గిందని మేము అనుకోవడం లేదు.

ఆ రోజుల్లో అందరం బల్లలూ గొళ్లేలూ తెగ తుడిచాం. కరోనా ముఖ్యంగా గాలి ద్వారా పాకుతుందని తరువాత తేటపడింది. క్షయ కూడా అంతే: ముద్దుపెట్టిన చెక్క వల్ల రాదు, మూసిన గదిలో దగ్గేవారి గాలి వల్ల వస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో పలు ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి నడిపిన శానటోరియం తెరిచేనాటికి క్షయకు మందు లేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. గాలి సంగతి ఇప్పటికీ మారలేదు.

మారిందల్లా మందు. మామూలు క్షయకు ఆరు నెలల మాత్రలు. రెండు నెలలకే దగ్గు పోతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. "మొక్కు ఫలించింది, ఇక మాత్రలెందుకు?" అని అడిగేది అప్పుడే. మొక్కుకున్నందుకు ఎవరినీ తప్పుపట్టం. సగంలో మానేస్తే మాత్రం బతికిన క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. ఇంట్లో పిల్లలకు అంటేవి ఆ మొండి క్రిములే.

వచ్చే గుడ్ ఫ్రైడేకు గుడి కిటికీలన్నీ తెరిచి ఉంచమని పెద్దలను కోరుతున్నాం. దగ్గు, జలుబు ఉన్నవారు సిలువకు దూరంనుంచి తలవంచి నమస్కరించవచ్చు. దగ్గు రెండు వారాలు దాటినవారు పండుగ అయ్యేదాకా ఆగకుండా తెమడ పరీక్ష చేయించుకోవాలి.