రక్త క్యాన్సర్ రోగికి ఇంటిలో పరిచర్య

చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలున్నవని చరక సంహిత సూత్రస్థానం చెబుతున్నది. పరిచారకునికి ఉపచార జ్ఞానం, దక్షత, అనురాగం, శుచిత్వం ఉండాలన్నది. కీమోథెరపీ పొంది ఇంటికి వచ్చిన రక్త క్యాన్సర్ రోగికి ఈ నాలుగు గుణాలూ ప్రాణరక్షకాలే.

కీమోథెరపీ వలన తెల్ల రక్తకణాలు క్షీణిస్తాయి. అప్పుడు సూక్ష్మజీవుల దాడికి జ్వరమొక్కటే సూచన కావచ్చు. ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, అర్ధరాత్రియైనా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. మిరియాల కషాయమో, జ్వరం మాత్రో ఇచ్చి తెల్లవారేదాకా వేచియుండరాదు. మాత్రతో వేడి తగ్గినా లోపలి ప్రమాదం తొలగదు.

ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చిగుళ్ళనుండి రక్తం కారవచ్చు. వేపపుల్ల మాని మెత్తని బ్రష్షు వాడాలి. వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వరాదు. వస్తికర్మ చేయించరాదు.

వండేవారు, వడ్డించేవారు సబ్బుతో చేతులు కడుగుకొనాలి. బాగా ఉడికిన ఆహారాన్ని అప్పటికప్పుడు వేడిగా పెట్టాలి. గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం వంటివి క్యాన్సర్ వైద్యుని అనుమతి లేకుండా ఇవ్వరాదు. మా ఆయుర్వేద ఔషధాలకూ ఇదే నియమం.

అనురాగానికి దక్షత తోడు కావాలి. ప్రేమతో కాచిన కషాయం కంటె, సమయానికి పెట్టి చూసిన థర్మామీటరే ఈ రోగికి ఎక్కువ మేలు చేస్తుంది.