వార్తల్లో పదం: దక్షిణ–దక్షిణ పెట్టుబడి

ఒకప్పుడు పేద దేశాల్లో గనులకు, రేవులకు, రైలుమార్గాలకు డబ్బు ఎక్కువగా లండన్, పారిస్, న్యూయార్క్‌ల నుంచే వచ్చేది. ఇప్పుడు చైనా, భారత్, బ్రెజిల్ కంపెనీలూ ఆ పనికి దిగాయి. ఒక వర్ధమాన దేశం నుంచి మరో వర్ధమాన దేశానికి చేరే ఈ డబ్బే దక్షిణ–దక్షిణ పెట్టుబడి.

తెలుగువారు తెలుసుకోవాల్సిన ఉదాహరణ మాల్దీవులది. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి 2010లో మాలే విమానాశ్రయాన్ని 25 ఏళ్లకు తీసుకుంది. దాదాపు 51 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. విదేశాలకు వెళ్లే ఒక్కో ప్రయాణికుడి నుంచి 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేయాలన్న షరతు దగ్గర పేచీ మొదలైంది. పార్లమెంటు అనుమతి లేనిదే అది చెల్లదని 2011లో అక్కడి సివిల్ కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, నవంబరులో ఒప్పందమే రద్దయింది. మధ్యవర్తిత్వ తీర్పు మేరకు 2016లో మాల్దీవులు 27 కోట్ల డాలర్లు చెల్లించుకుంది. అంత చిన్న దేశానికి అది పెను భారం. ఈలోగా విస్తరణ పని చైనా సంస్థ చేతికి వెళ్లింది.

పెట్టుబడి పొరుగువాడిదైనా షరతులను సంతకానికి ముందే చట్టసభలో చర్చించాలి. మాలేలో ఆ పని జరగలేదు. మరో ఉదాహరణ శ్రీలంక. ఆ దేశం 2017లో హంబన్‌టోట రేవును చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకిచ్చి సుమారు 112 కోట్ల డాలర్లు తీసుకుంది. రేవు కట్టడానికి చేసిన అప్పు మాత్రం లంక ప్రభుత్వం నెత్తినే ఉండిపోయింది.