పరుగిడు పాకశాల

గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీవారు లండన్ నుండి బ్రిస్టల్‌కు ఇనుపదారి వేయించుచున్న కాలమున, 1841లో, చేతిలో సొమ్ము చాలక, స్విండన్ అను చోట స్టేషను కట్టించుటకై రిగ్బీ అను గుత్తేదారులతో ఒక ఒడంబడిక చేసికొనిరి. గుత్తేదారులు తమ సొంత ఖర్చుతో స్టేషను కట్టి యియ్యవలెను. అందులకు ప్రతిఫలముగా అచ్చటి ఫలాహారశాలలమీది రాబడిని 99 సంవత్సరములు వారే అనుభవింపవలెను. ఆ దారిని పోవు ప్రయాణికుల బండ్లు అచ్చట సుమారు 10 నిమిషములు ఆగి తీరవలెను. ఆరంభమున ఈ షరతు భారముగా తోచియుండదు. ఏలయన ఆవిరియంత్రములను స్విండన్‌లో ఎట్లును మార్చుచుండిరి, యంత్రము మారులోపల మనుష్యులు ఇంత తిని రావచ్చును. కాని బండెడు జనము ఒక్కుమ్మడిగా దిగి, బల్లలమీదికి ఎగబడి, నోరు కాలు వేడి పదార్థమును సగము మ్రింగి సగము వదలి గంట మ్రోగగనే పరుగెత్తవలసివచ్చిన చోట రుచికి గౌరవమెక్కడిది? ఆ రైలుదారిని నిర్మించిన మహా ఇంజనీరు బ్రూనెల్ అంతటివాడు అచ్చటి నిర్వాహకునకు స్వయముగా లేఖ వ్రాసి, తనకిచ్చినది కాఫీయే కాదనియు, మాడ్చిన ధాన్యపు కషాయమనియు ఆక్షేపించెను. యంత్రములు బలిసి వేగము పెరిగినకొలదియు ఆ పది నిమిషములు కంపెనీ మెడకు గుదిబండయైనవి. తుదకు 1895లో లక్ష పౌండ్లు చెల్లించి, గడువు తీరకముందే ఆ షరతును తొలగించుకొనవలసివచ్చెను.

భోజనశకటమును, అనగా మనము డైనింగ్ కారు అని పిలుచు బండిని, ధనికుల విలాసముకొరకు హోటలునకు చక్రములు తగిలించిన వేడుకగా తలచువారు కలరు. నాకట్లు తోపదు. ఆకలిగొన్నవాని కోసము రైలును ఆపుట మానివేయవలెనన్నచో, నిప్పు, నీరు, మంచు, వెలుతురు, పొగగొట్టము, పాత్రసామగ్రి, వంటవారు, వడ్డనవారు, తినువారు అందరును సుమారు పది అడుగుల వెడల్పు గల ఊగెడు పెట్టెలో ఇమడవలెను. ఈ చిక్కుముడి విప్పుటకు ఏబది అరువది యేండ్లు పట్టినది. కావుననే దీనిని యంత్రముల కోవలో చేర్చి దీని జీవితకథను చెప్పుచున్నాను.

ఈ యంత్రమునకు తండ్రియని చెప్పదగినవాడు అమెరికా దేశస్థుడగు జార్జి పుల్మన్. అతడు 1867లో ‘ప్రెసిడెంట్’ అను బండిని నిర్మించి, పడకల నడుమనే ఒక మూల వంటగదిని అమర్చెను. కాని తినుచోటనే పరుండవలసివచ్చిన ప్రయాణికునకు రాత్రియంతయు వంటవాసన తప్పదు. పడకలకును వంటకును పొత్తు కుదరదు. మరుసటి సంవత్సరమే, 1868లో, కేవలము భోజనమునకే ఉద్దేశింపబడిన బండి చికాగో అండ్ ఆల్టన్ రైలుదారిపై నడిచెను. న్యూయార్కులోని ప్రఖ్యాత భోజనశాల పేరిట దానికి ‘డెల్మోనికో’ అని నామకరణము చేసిరి. బెల్జియం దేశస్థుడగు నాగెల్‌మాకర్స్ అమెరికాలో పుల్మన్ బండ్లను కన్నులార చూచి వచ్చి, యూరపులో వాగాన్-లీ కంపెనీని నెలకొల్పి, 1883లో పారిస్ నుండి కాన్‌స్టాంటినోపుల్ దిశగా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌ను నడపెను. దేశముల సరిహద్దులు దాటుచు బల్లయొద్ద కూర్చుండి భుజించుట ఆ రైలు కీర్తికి ప్రధానహేతువయ్యెను.

అయితే బండి పుట్టినంతమాత్రమున సమస్య తీరలేదు. ఇంగ్లండులో 1879లో లీడ్స్, లండన్ నగరముల నడుమ మొదటి భోజనశకటము నడిచినప్పుడు, ఒక పెట్టెనుండి మరియొక పెట్టెలోనికి పోవుటకు దారియే లేదు! భోజనము చేయగోరువాడు ప్రయాణారంభముననే ఆ బండిలో ఎక్కి కూర్చుండవలసినదే. అమెరికాలో పెట్టెల చివర బయలు వేదికలు ఉండెడివి. ఊగుచున్న రెండు పెట్టెల మధ్య, గాలియు బొగ్గునుసియు ముఖమున కొట్టుచుండగా, వృద్ధులును పిల్లల తల్లులును దాటుటకు జంకెడివారు. 1887లో పుల్మన్ కర్మాగారమున పనిచేయు సెషన్స్ అను నిపుణుడు ఈ ఎడమును మూసివేయు ఉపాయమును సాధించెను. ప్రతి పెట్టె చివర ఒక ఉక్కుచట్రము. దాని వెనుక మడతలుగా ముడుచుకొని సాగు తొడుగు. చట్రమును వెలుపలికి నెట్టు స్ప్రింగులు. రెండు పెట్టెలు తగిలింపబడగనే చట్రములు ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకొని మూసిన నడవ ఏర్పడును. ఆ ఒత్తిడివలన కలుగు రాపిడి పెట్టెల ప్రక్క ఊపును కూడ తగ్గించును. నేడు మన రైళ్లలో వెస్టిబ్యూల్ అని వాడుకగా పిలుచు ఆ నడవయే భోజనశకటమును రైలునకంతటికిని ఉమ్మడి సొత్తుగా చేసినది. ఇన్నూరు మంది నలుబది కుర్చీలలో వంతులవారీగా భుజింపగలుగుట దాని చలువయే.

ఇక లోపలి సంగతి. పొయ్యిమీద 60 సెంటీమీటర్ల వెడల్పు గల గిన్నెలో పులుసు కాగుచున్నదనుకొందము. రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో 600 మీటర్ల వ్యాసార్ధము గల వంపులో ప్రవేశించినది. లెక్క కట్టినచో పులుసు గిన్నెయొక్క ఒక అంచున సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పైకి లేచి, ఎదుటి అంచున అంతయే దిగును. వేగమును రెట్టింపు చేసినచో ఈ లేచుట రెట్టింపు కాదు, నాలుగింతలగును. అప్పుడు దాదాపు ఆరు సెంటీమీటర్ల ఎత్తున ఉడుకుచున్న ద్రవము వంటవాని చేతిపైకి వచ్చును. ఇందుకు సగము విరుగుడు పొయ్యివద్ద లేదు, పట్టాలక్రింద ఉన్నది: వంపులో వెలుపలి పట్టాను కొంత ఎత్తుగా వేయుదురు గనుక, ఆ ఎత్తునకు తగిన వేగముతో పోవుచున్నంతసేపు గిన్నెతోపాటు బండియు వంగి, పులుసు గిన్నె అడుగునకు సమాంతరముగానే నిలుచును. అదే వంపులో సిగ్నలు కొరకు రైలు నిలిచిపోయినచో ద్రవము లోపలివైపునకు ఒరగును. తక్కిన సగము విరుగుడు వంటవాని తెలివి: లోతైన పాత్రలు, నిండుగా పోయని అలవాటు, పొయ్యి చుట్టును ఇనుపకమ్ముల కట్ట.

నీటి తీరు వేరు. లీటరు నీరు కిలోగ్రాము తూగును. వంటకును కడుగుటకును వలసిన నీటినంతయు పైకప్పున తొట్లలో నింపినచో పారుట సులభమే గాని, బండి తలబరువై ఎక్కువగా ఊగును. నేలక్రింద నింపినచో బండి నిలకడగా నడచును గాని నీరు పైకెక్కదు. బ్రేకులకై రైలంతటను సిద్ధముగా ఉండు ఒత్తిడిగాలిని క్రింది తొట్లలోనికి పంపి నీటిని పైకి త్రోయుట ఇందుకు అమెరికన్లు కనుగొన్న మార్గము. ఇనుప పొయ్యిలు, నీరు, మంచుదిమ్మలు, బొగ్గు చేరి బండి బరువు మిక్కుటమగుటచేత అనేక భోజనశకటములకు ఎనిమిది చక్రములకు మారుగా పన్నెండు చక్రములు పెట్టిరి. పొయ్యి మొదట బొగ్గుది, తరువాత గ్యాసుది. 1920ల దశకమున ఇంగ్లండులో గ్రెస్లీ అను ఇంజనీరు విద్యుత్తుతో వండు పాకశాలలను నడపి చూపెను.

వేడిమి బాధ ఈ బండికే అధికము. కిటికీ తెరచిన బొగ్గునుసి పళ్లెములో పడును. మూసిన పొయ్యివేడి ఊపిరాడనీయదు. 1930లో అమెరికాలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేవారు కారియర్ సంస్థ సహాయముతో యంత్రమున చల్లబరచిన మొదటి రైలుపెట్టెను సిద్ధము చేసినప్పుడు, అది ‘మార్తా వాషింగ్టన్’ అను భోజనశకటమే అగుట అందుచేతనే సహజముగా తోచును. మనదేశమున 1930లలో ఫ్రాంటియర్ మెయిలులో ప్రయోగించిన చల్లదనము మంచుదిమ్మలమీదుగా గాలి వీచుటవలన పుట్టినది.

ఈ బండ్లలో చెమటోడ్చినవారెవరు? పుల్మన్ అమెరికాలో బానిసత్వమునుండి అప్పుడప్పుడే విముక్తులైన నల్లజాతివారిని తన బండ్లలో సేవకులుగా తీసికొనెను; దశాబ్దములపాటు అక్కడి భోజనశకటములలో వంటయు వడ్డనయు ముఖ్యముగా వారి చేతులమీదుగనే సాగెను. తెల్లని వస్త్రము పరచిన బల్లల శోభను వర్ణించు గ్రంథములు వారినిగూర్చి చెప్పినది స్వల్పము. యంత్రచరిత్ర వ్రాయువారు ఈ లోపమును పూరింపకున్న అది చరిత్రయే కాదని నా నిశ్చితాభిప్రాయము.

భోజనశకటము మన ఇండ్లలోనికి కూడ ప్రవేశించిన సంగతి పలువురెరుగరు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున కార్మికులకై వేలకొలది ఇండ్లు కట్టుచుండగా, వియన్నా వాస్తుశిల్పి మార్గరెట్ షూట్-లిహోట్స్‌కీ వంటగదికి నమూనాగా గ్రహించినది జర్మనీలో మిట్రోపా కంపెనీవారి రైలు పాకశాలను. అంత ఇరుకున అందరికిని వండగలిగినప్పుడు ఇంటి ఇల్లాలు మైళ్లకొలది నడువవలసిన పని ఏమి? 3.4 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు గల గదిలో ఆమె నీటితొట్టిని, పొయ్యిని, అరలను, తరుగుబల్లను చేయి చాచిన అందునట్లు అమర్చెను. అటువంటివి సుమారు పదివేలు నిర్మింపబడినవి. నేటి మన ఇండ్లలో నిలుచుండి వండు గట్టును, దాని పైన క్రిందను ఉండు అరలను చూచినప్పుడెల్ల ఆ బంధుత్వము నాకు స్ఫురించును.

మనదేశమునకు ఈ యంత్రము మొదట దొరలకొరకు వచ్చినది. మద్రాసు వైపు రైళ్లలో స్పెన్సర్ కంపెనీయు, తూర్పు హిందూ రైల్వేలో కెల్నర్ కంపెనీయు పాశ్చాత్యపద్ధతిని భోజనము పెట్టుచుండెను. భోజనశకటము లేని బండ్లలో గార్డు ముందు స్టేషనునకు తంతి కొట్టి భోజనము సిద్ధము చేయించెడివాడు. మూడవ తరగతి తెలుగువాడు మాత్రము పులిహోర, దద్దోజనము అరటియాకున మూటగట్టుకొని, మరచెంబుతో నీరు తెచ్చుకొని తన పాకశాలను తానే మోసికొనిపోయెడివాడు. మతములవారీగాను కులములవారీగాను నీరును భోజనశాలలును వేరుచేయబడిన స్టేషనులలో పదిమంది ఒక బల్లవద్ద కూర్చుండుట అంత సులభము కాకపోయెను. ఐనను 1930లో బొంబాయి పూనాల నడుమ ఆరంభమైన దక్కన్ క్వీన్ రైలులో భోజనశకటము నేటికిని నిలిచియున్నది.

తక్కిన రైళ్లలో ఆ బల్ల క్రమముగా మాయమైనది. కారణము అంకగణితమే: భోజనశకటమున్న చోట ఒక స్లీపరు పెట్టె తగిలించిన 72 మంది పరుండి ప్రయాణింపవచ్చును. స్వాతంత్ర్యానంతరము మూడవ తరగతి జనసమ్మర్దమును చూచిన రైల్వే ఈ లెక్కను నిరాకరింపజాలదు, నేనును నిరాకరింపను. కావున బల్లలు పోయి పాకశాల మాత్రము మిగిలి, పాంట్రీ కారు అయినది. 1969లో ఢిల్లీ హౌరాల నడుమ వచ్చిన రాజధాని ఎక్స్‌ప్రెస్ కూర్చున్నచోటికే భోజనము తెచ్చు పద్ధతికి ప్రతిష్ఠ కలిగించినది. అప్పుడు వెస్టిబ్యూల్ పని తిరుగబడినది: మునుపు తినువాడు ఆ నడవ దాటి అన్నమువద్దకు పోయెను, ఇప్పుడు భోజనపు పళ్లెములు మోయు బేరరు దానిని దాటి తినువానియొద్దకు వచ్చుచున్నాడు.

ఇటీవల వంట అధికభాగము స్టేషనుల సమీపమున ఉండు వంటశాలలకు తరలుచున్నది. రైలుమీద మిగిలిన పొయ్యిలు కూడ అగ్నిప్రమాదభయమున గ్యాసును వీడి విద్యుత్తును ఆశ్రయించుచున్నవి. ఆ విద్యుత్తు పైనున్న తీగనుండి యంత్రముద్వారా పెట్టెలకు అందుచున్నది. గ్యాసుమంట వేడిలో చాలభాగము గిన్నె చుట్టునుండి జారి గదిలోని గాలిని కాల్చును. ఇండక్షన్ పొయ్యి అయస్కాంతబలముచేత గిన్నె అడుగుననే వేడిని పుట్టించును. వైశాఖపు మధ్యాహ్నమున బల్లార్ష కాజీపేటల నడుమ పాంట్రీలో నిలుచుండి వండువానికి ఈ భేదము ఎంత గొప్పదో వేరుగా చెప్పనక్కరలేదు.