రొయ్యకూ ఒక పుట్టిల్లుంది



కృష్ణ ఒడ్డున కాపురాలు చేసే మనకు రొయ్యల సంగతి ఎవరో వచ్చి చెప్పాలా అనుకుంటారేమో! ఒలవడం, ఉప్పూ పసుపూ పట్టించి కడగడం, గోంగూరలో వేసి వండటం, ఇవన్నీ మనకు వెన్నతో పెట్టిన విద్యే. అయితే ఆ రొయ్య ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అని అడిగితే మాత్రం చాలాకాలం శాస్త్రజ్ఞులే జవాబు చెప్పలేకపోయారు.

నీలకంఠ రొయ్యనే తీసుకోండి. నీలిరంగు పొడుగాటి చేతులుండే పెద్ద రొయ్య ఇది. ఏటిలోనూ కాలువల్లోనూ మంచినీటిలో తిరుగుతుంది. తల్లిరొయ్య వేలకొద్దీ గుడ్లను పొట్టకింద అంటించుకుని సుమారు మూడు వారాలు మోస్తుంది. మొదట నారింజరంగులో ఉన్న గుడ్లు పిల్లలయ్యే వేళకు బూడిదరంగుకు తిరుగుతాయి. రొయ్యలు ఒలిచేటప్పుడు మీరూ చూసే ఉంటారు. చిత్రమేమిటంటే, గుడ్లు పగిలి వచ్చిన పిల్లల్ని ఆ మంచినీటి తొట్టిలోనే ఉంచితే నాలుగైదు రోజుల్లో చచ్చిపోతాయి. మంచినీటి రొయ్య పిల్లకు మంచినీరే పడదన్నమాట!

ఈ చిక్కుముడిని 1961లో మలేషియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రజ్ఞుడు విప్పారు. పిల్లలకు కావలసింది కాస్త ఉప్పదనం. సముద్రమంత ఉప్పు కాదు, అందులో మూడోవంతు నుంచి సగానికి లోపు. అటువంటి నీటిలో పిల్లలు వెల్లకిలా, తోక ముందుగా ఈదుతూ, పదకొండు దశలు దాటి, సుమారు నెలరోజులకు అసలు రొయ్య రూపానికి వస్తాయి. అప్పుడు అడుక్కి దిగి, ఏటికి ఎదురెక్కి మంచినీటికి చేరుకుంటాయి. మనలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళ్ళదూ? తల్లిరొయ్యా అంతే. ఏరూ సముద్రమూ కలిసే హంసలదీవి వంటి చోట్లకు, తాను పుట్టిన ఉప్పునీటికే దిగిపోతుంది.

చూశారా, తొట్టిలో పెట్టినంత మాత్రాన జీవి గుట్టు తెలియదు. దాని ఇంటి గుణాన్ని కూడా తొట్టిలోకి తేవాలి. సముద్రపు అడుగున బతికే రొయ్యల దగ్గర ఈ పని మరీ కష్టమైంది.

అట్లాంటిక్ మహాసముద్రం నడుమ, 3,600 మీటర్ల లోతున, వేడినీటి బుగ్గల చుట్టూ మూగే ఒక రొయ్యకు 1986లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. నీటిలో పది మీటర్లు దిగితే చాలు, మన మీద ఉండే గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా పడుతుంది. మన వంటింటి కుక్కరు విజిలు వేసే వేళకు లోపల అదనంగా ఉండేది దాదాపు అంతే. మరి ఆ రొయ్య మీద అలాంటి ఒత్తిళ్ళు 360! పైకి తెస్తే ఆ ఒత్తిడి పోతుంది, రొయ్య నీరసించిపోతుంది. అలా నీరసించినదాన్ని చూసి దాని నడత ఇదీ అని చెప్పలేం గదా.

అందుకని పారిస్‌లోని పరిశోధకులు దళసరి ఉక్కుపాత్ర ఒకటి చేయించారు. పంపుతో చల్లని సముద్రపు నీరు ఎక్కించి, లోతున ఉండే ఒత్తిడి కల్పించి, చిన్న గాజుకిటికీలోంచి కెమెరాతో చూశారు. నీటిని మెల్లగా వేడి చేస్తూ పోగా, 38.5 డిగ్రీల ప్రాంతంలో రొయ్యలు తాళలేకపోయాయి. 2003లో ఈ ఫలితం ప్రకటించారు. బుగ్గలోంచి వచ్చే నీరు 350 డిగ్రీలుంటుంది. రొయ్య ఓర్చేది మన బెజవాడ రోహిణికార్తె ఎండకంటే తక్కువ! అంటే అది మరిగే నీటిలో కాపురం చేయడం లేదు, వేడి చల్లన కలిసే అంచున జాగ్రత్తగా నిలబడుతోంది. ఫ్రాన్సులోని బ్రెస్ట్ పట్టణంలో 2012లో ఇలాంటి ఒత్తిడి తొట్టిని మామూలు జనం చూడటానికి కూడా పెట్టారు.

ఇక మన ఏటి రొయ్య సంగతికి వద్దాం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అవి లేనిదే మన డెల్టాలో వరి లేదు, మన కంచంలో అన్నం లేదు. కాని పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య తిరిగే రొయ్యకు అది మూసిన తలుపే. చెరువుల్లో పెంచుకోవచ్చు గదా అంటారా? పెంచవచ్చు. అయితే చెరువు మంచినీటిలో దాని పిల్లలు బతకవు కనుక, ప్రతి పంటకూ పిల్లల్ని ఉప్పునీరు కలిపి పెంచే హేచరీల నుంచి తెచ్చుకోవలసిందే. ఏటి వలనే నమ్ముకున్న కుటుంబాలకు హేచరీ లేదు, ఏరే దిక్కు.

నదినీరు వృథాగా సముద్రం పాలవుతోందని మనం తరచు వింటుంటాం. పొలాలు ఎండుతుంటే ఆ బాధ న్యాయమైనదే. కాని ఆ నీరు కొంతైనా సముద్రాన్ని చేరితేనే ఈ రొయ్యకు పురుడు పోసుకునే చోటు మిగులుతుంది. కిందికి నీరు వదిలే లెక్కల్లో దీన్నీ చేర్చాలని మనం అడగవచ్చు. ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ ఇళ్ళలో వలకు వెళ్ళేవారుంటే, పొట్టకింద గుడ్లున్న రొయ్య బతికి వలలో పడినప్పుడు తిరిగి ఏట్లో వదలమని చెప్పండి. ఒక్క తల్లి వెంట వేల పిల్లలున్నాయి.